అట్టగడియారం

పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగేటప్పుడు కూడా ఎన్నింటికి తిరిగొస్తానో చెప్పి దిగే మనిషిని నేను. "ఏడుంబావుకి వచ్చేస్తానండీ" అంటాను. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "పాలకేగా వెళ్తున్నావు, కాశీకి కాదుగా" అంటారు. ఒక్కోసారి ఏడూ పదికే పని తెమిలిపోతుంది. అప్పుడు కింద వాచ్‌మన్ కుర్చీ లాక్కుని అయిదు నిమిషాలు కూర్చుని, సరిగ్గా ఏడుంబావుకి తలుపు కొడతాను. ఉద్యోగం మానేసి రెండేళ్ళు దాటినా ఈ అలవాటు వదల్లేదు. వదిలించుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

ఆ ఉద్యోగం ఏమిటో మా చుట్టాల్లో సగంమందికి ఇప్పటికీ తెలియదు. "అనాథాశ్రమంలో వార్డెన్" అని చెప్పుకుంటారు. కాదని వివరించబోతే వాళ్ళ చూపు టీవీ మీదికి పోతుంది. అది ఆశ్రమమూ కాదు, హాస్టలూ కాదు. దెబ్బలు తిని, భయపడి, ఎవరో వదిలేసి పోగా మనసు చెదిరిన ఆడపిల్లల్ని పన్నెండుమందికి మించకుండా తెచ్చిపెట్టుకుని, వాళ్ళు కుదుటపడేదాకా వాళ్ళతో కలిసి బతికే ఇల్లు. వారానికొకసారి బెజవాడ నుంచి కౌన్సిలరమ్మ వచ్చి, ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టుకుని బొమ్మలు గీయించి, మాట్లాడించి వెళ్ళేది. మిగతా ఆరు రోజులూ ఆ పిల్లలకి వైద్యం ఏదైనా ఉందంటే అది తలకి నూనె రాయడం, పెరుగన్నం కలిపి పెట్టడం, వాళ్ళు గిన్నెలు విసిరితే గదిలోంచి వెళ్ళిపోకుండా పక్కనే కూర్చోవడం. ఆ ఆరు రోజుల మనుషుల్లో నేనొకదాన్ని.

బందరు రోడ్డులో కంకిపాడు దాటాక ఒక సందులోకి తిరిగితే, కాలువ గట్టున ఉండేది మా ఇల్లు. మా ఇల్లంటే నేను కాపురమున్నది కాదు, రాత్రీపగలూ ఉండి పనిచేసింది. నా మాటల్లో ఆ రెండూ ఎప్పుడూ కలిసిపోతాయి. మా అబ్బాయి చిన్నప్పుడు దీనికే అలిగేవాడు. ఆ ఇంటికి బోర్డు ఉండేది కాదు. బడినుంచి వచ్చే పిల్లలు బోర్డున్న గేటులోకి తిరిగితే తోటిపిల్లలు ఏదో ఒకటి అంటారని, ఆ ఇల్లు నడిపే మేడమ్ గారు పెట్టనివ్వలేదు. పోస్టుమాన్ మాత్రం మారినప్పుడల్లా తిట్టుకునేవాడు.

నా కుడి ముంజేతి మీద ఒక పళ్ళగాటు ఉంది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు చూసి "కుక్క కరిచిందా వదినా" అంటారు. "కాదు, ఆరేళ్ళ పిల్ల" అంటాను. ఆ పిల్ల కరిచినంతసేపూ చెయ్యి లాక్కోకుండా కూర్చున్నందుకు ఇప్పటికీ నాకు గర్వమే. నిజానికి నేనంత ఓపిక గల మనిషిని కాను. నా నోరు మంచిది కాదని మా పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఒకే మాటగా చెబుతారు. వాళ్ళ మధ్య ఏకాభిప్రాయం కుదిరిన విషయం నాకు తెలిసి అదొక్కటే.

ఆ ఇంటి పొద్దుటిపూటలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. వర్షాకాలం మొదట్లో కాలువకి నీళ్ళు వదిలిన రోజు పిల్లలందరూ గేటు దగ్గరికి పరుగు. ఎర్రటి బురదనీళ్ళు, వాటి మీద తేలొచ్చే కొబ్బరిచిప్పలు, ఎవరిదో ఒంటి చెప్పు. ఆ చెప్పు ఎవరిదై ఉంటుందో ఇద్దరు పిల్లలు వాదించుకుని జుట్లు పట్టుకునేవాళ్ళు. లోపల పన్నెండు తలలు, రెండు పేలదువ్వెనలు, ఒక్క నేను. తల దువ్వుతుంటే పిల్లలు చెప్పే కబుర్లు కౌన్సిలరమ్మ గదిలో కూడా చెప్పేవాళ్ళు కాదు. మొహం కనబడకపోతే మాట సులువుగా వస్తుందేమో. నన్ను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళు. అమ్మా అని పిలిపించుకోకూడదన్నది మేడమ్ గారి నియమం. ప్రతి పిల్లకీ ఎక్కడో ఒకచోట ఒక అమ్మ ఉంది, ఆవిడ ఎలాంటిదైనా సరే ఆ పిలుపు ఆవిడదే అనేవారు.

మేడమ్ గారి నియమాల్లో నాకు మొదట నవ్వు తెప్పించినవి అట్టగడియారాలు. వరండా గోడకి మామూలు గడియారం ఒకటి ఉండేది. దాని పక్కనే అట్టముక్కలతో చేసినవి మూడు, మధ్యలో మా ఫొటోలు అతికించి. నాదొకటి, మేడమ్ గారిదొకటి, వంటావిడదొకటి. పెద్దవాళ్ళెవరు గేటు దాటినా, కరివేపాకు కోసమైనా సరే, ఎన్నింటికి తిరిగొస్తారో ఆ టైముకి తమ గడియారం ముళ్ళు తిప్పి వెళ్ళాలి. ఆ టైముకే రావాలి. ఆలస్యంగా రాకూడదు, ముందుగా కూడా రాకూడదు. గడియారం చూడ్డం రాని పిల్ల కూడా రెండు గడియారాల ముళ్ళూ ఒకేలా కనబడినప్పుడు మనిషి వస్తుందని తెలుసుకోవాలి. అదీ లెక్క.

"ఇదేమన్నా బస్టాండా అండీ" అన్నాను చేరిన కొత్తలో.

మేడమ్ గారు నవ్వలేదు. "ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి ఎవరో ఒకరు ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్ళి, మళ్ళీ రాలేదండీ" అన్నారు.

నాకు టైముకి రావడం పుట్టుకతోనే లేదు. నా పెళ్ళికి నేనే ఆలస్యం చేశానని మా అక్కయ్య ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది. అలాంటిదాన్ని ఆ గడియారం లొంగదీసింది. ఆలస్యం కావడం కంటే ముందొచ్చేయడం పెద్ద చిక్కయింది. సందు మొదట్లో, బస్సు ఆగేచోట, ఒక సాయిబుగారి కిరాణా కొట్టు ఉండేది. బస్సు తొందరగా వచ్చేస్తే కూరల సంచీతో ఆ కొట్టు ముందు నిలబడేదాన్ని. "ఎండలో ఎందుకమ్మా, ఇల్లు ఆ కనబడేదేగా, వెళ్ళిపోండి" అనేవారాయన. "ఇంకా ఆరు నిమిషాలుందండీ" అనేదాన్ని. నాకేదో తేడా ఉందని ఆయన గట్టిగా నమ్మారు. నెల తిరిగేసరికి నా కోసం ఒక స్టూలు బయట వేయించారు.

నేను చేరిన పదిహేనో ఏట ఆ పిల్ల వచ్చింది. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో, తనకే తెలియదు. బెజవాడ స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద మూడు రోజులు కూర్చుని ఉంటే అక్కడ పనిచేసేవాళ్ళు గమనించి అప్పగించారు. వాళ్ళమ్మ "ఇక్కడే కూర్చో, టిఫిన్ తెస్తా" అని చెప్పి వెళ్ళిందట. రాలేదు. ఏ ఊరినుంచి వచ్చారో పిల్లకి చెప్పడం రాలేదు, ఎంత వెతికినా ఆ తల్లి ఆచూకీ దొరకలేదు.

మా ఇంటికి వచ్చిన మొదటిరోజే ఆ పిల్ల వరండా మెట్ల మీద ఒక చోటు చూసుకుంది. అక్కణ్ణుంచి గేటు కనబడుతుంది. పొద్దున్న పళ్ళు తోముకోగానే వచ్చి ఆ మెట్టు మీద కూర్చునేది, చీకటి పడి గేటు వేసేదాకా లేచేది కాదు. బాత్రూమ్‌కి మాత్రం పరిగెత్తుకెళ్ళి పరిగెత్తుకొచ్చేది. తిండి అక్కడే. వాన జల్లు కొడితే తడిసేది గానీ జరిగేది కాదు. ఏడుపు లేదు, అల్లరి లేదు, మాట అసలే లేదు. మిగతా పిల్లలు మొదట వెక్కిరించి, తర్వాత ఆ మెట్టు తప్పించి నడవడం అలవాటు చేసుకున్నారు.

పిల్లల సంగతి చూసే కమిటీ ఒకటి ఉంటుంది. వాళ్ళు ఏడాది గడువిచ్చారు. ఏడాదిలోగా బడికి వెళ్ళే స్థితికి రాకపోతే వేరే జిల్లాలో ఉన్న పెద్ద హోమ్‌కి మారుస్తామన్నారు. వాళ్ళని తప్పుపట్టను. మాకున్నవి పన్నెండు మంచాలు, మంచం కోసం ఎదురుచూసే పిల్లలు బయట ఎందరో. కానీ అంత పెద్దచోట, అంతమంది మధ్య, ఈ పిల్ల అడగకుండా, ఏడవకుండా ఒక మూల కూర్చుంటే, ఆ మూలలోనే పెద్దదైపోతుంది. ఆ మెట్టు మీంచి ఆ పిల్లని లేపడం ఆ ఏడాది నా పనయింది. సరిగ్గా చెప్పాలంటే నా పిచ్చి అయింది.

రెండోనెలలో ఒకరోజు విసుగొచ్చి నోరు జారాను. "ఎన్నాళ్ళే ఇక్కడ కూర్చుంటావు?" అని అరిచాను.

ఆ పిల్ల నా వైపు చూసింది. "ఎప్పటిదాకో చెప్పలేదు" అంది.

మా ఇంట్లో తన మొదటి మాట అదే. నేను లోపలికి వెళ్ళి కూరగాయల కత్తిపీట ముందు చాలాసేపు కూర్చున్నాను. మేడమ్ గారి అట్టగడియారాలు ఎందుకో పదిహేనేళ్ళ తర్వాత నిజంగా అర్థమైంది. ఇక్కడే ఉండమని చెప్పింది తల్లి, ఎంతసేపో చెప్పలేదు. పిల్ల ఆ మాట ఇంకా జవదాటలేదు.

మర్నాటినుంచి మొదలుపెట్టాను. ఆ పిల్ల కళ్ళెదుటే ముళ్ళు తిప్పి, "ఈ ముల్లు ఇక్కడికొచ్చేసరికి నేను వస్తా" అని చెప్పి కొట్టుదాకా వెళ్ళి అయిదు నిమిషాలకి వచ్చాను. మర్నాడూ అంతే. తర్వాత పది నిమిషాలు. మా ఇంట్లో కరివేపాకు, కొత్తిమీర, అగ్గిపెట్టెలు ఎప్పుడూ లేనంతగా పోగుపడ్డాయి. "ఇన్ని అగ్గిపెట్టెలు ఎవర్ని తగలెయ్యడానికండీ" అని వంటావిడ సణిగేది. మూడోనెలలో ఆ పిల్ల మొదటిసారి తల వెనక్కి తిప్పి గోడ వైపు చూసింది. అయిదోనెలలో మెట్టు మీంచి లేచి గడియారాల కింద నిలబడింది. నేను గన్నవరం వెళ్ళి పూటంతా ఉండి, చెప్పిన టైముకి గేటు తీసిన రోజు, ఎదురొచ్చి నా సంచీ అందుకుంది. లోపలేమున్నాయో చూసి "జామకాయలు" అంది. ఆ రోజు మా ఆయనకి ఫోన్ చేసి ఆ ఒక్క మాట నాలుగుసార్లు చెప్పాను. ఆయన "బాగున్నాయా" అని అడిగారు.

ఎనిమిదోనెలకి, నేను బయటికి వెళ్ళినప్పుడు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసే స్థితికి వచ్చింది. అప్పుడప్పుడూ లేచి వరండాలోకి వచ్చి ముళ్ళు చూసుకుని మళ్ళీ లోపలికి పోయేదట. ఇంకో నెలలో బడి సంగతి ఆలోచించవచ్చని కౌన్సిలరమ్మ అంది. నేను ఎవరికీ చెప్పకుండా అప్పుడే బడి సంచీ కొనేశాను.

తొమ్మిదోనెలలో చల్లపల్లిలో మా అక్కయ్య కొడుకు గృహప్రవేశం. నాలుగింటికి ముళ్ళు పెట్టి, ఆ పిల్లకి చూపించి, పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను. రెండో బంతిలో తినేసి బయల్దేరితే నాలుక్కి హాయిగా వచ్చేసేదాన్ని. కానీ ఎన్నేళ్ళకో కలిసిన పిన్ని కూతుళ్ళు, మేనత్తలు. రెండో బంతి వదిలేసి వడ్డనకి దిగాను. మూడో బంతిలో కూర్చున్నాను. తిన్నాక "తాంబూలం తీసుకోకుండా వెళ్తావుటే, ఇంకో గంటుంటే ఏమవుతుంది" అని అక్కయ్య చెయ్యి పట్టుకుంది. నాకూ ఉండాలనిపించింది. ఎవరినో అనడం ఎందుకు, నాకే ఉండాలనిపించింది.

అప్పుడు నా బుర్రకొక గొప్ప ఉపాయం తట్టింది. వంటావిడకి ఫోన్ చేశాను. "నాలుక్కి రాలేను. పిల్ల చూడకుండా నా ముల్లు ఆరుకి తిప్పెయ్" అన్నాను.

"అట్టా తిప్పొచ్చాండీ?" అంది ఆవిడ.

"తిప్పవమ్మా, నేను చెబుతున్నాగా" అన్నాను.

ఆరుకి పది నిమిషాల ముందే బస్సు దిగాను. సాయిబుగారి స్టూలు మీద కూర్చుని, నా తెలివికి నేనే మురిసిపోతూ, సరిగ్గా ఆరింటికి గేటు తీశాను. చేతిలో ఆ పిల్ల కోసం అరటాకులో చుట్టి తెచ్చిన బూరెలు.

ఆ పిల్ల మెట్టు మీద ఉంది. పాత చోట్లో, పాత కూర్చోవడం. నన్ను చూసింది. తల తిప్పి గోడ మీద ముళ్ళు చూసింది. రెండు గడియారాలూ ఒకేలా ఉన్నాయి. మళ్ళీ నన్ను చూసి, గేటు వైపు మొహం తిప్పేసుకుంది. బూరెలు ముట్టుకోలేదు.

పొద్దున్న నేను ముల్లు ఎక్కడ పెట్టానో ఆ పిల్లకి గుర్తుంది. నాలుగింటికి వంటింట్లోంచి వచ్చి చూస్తే అక్కడ లేదు. ఎంతసేపు చూసిందో పాపం, వంటావిడ చెప్పలేకపోయింది. "మీరే కదండీ తిప్పమన్నారు" అని ఏడ్చింది. ఆవిడ తప్పేం లేదు.

మేడమ్ గారు నన్ను గదిలోకి పిలిచారు. కేకలేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది.

"ఆలస్యంగా వస్తే పిల్లకి మీ మీద కోపం వచ్చేదండీ" అన్నారు. "రానివ్వాల్సింది. తిడితే పడాల్సింది. మీ మీద కోపం మీరొచ్చాక తీరుతుంది. ఇప్పుడు గడియారం మీదే నమ్మకం పోయింది. పిల్ల ఇంక దేన్ని చూసుకుని లోపలికెళ్ళి కూర్చుంటుంది?"

పెళ్ళిలో ఆలస్యం చేసినందుకు నవ్వుకున్నారు, చుట్టాల ఇళ్ళకి ఆలస్యంగా వెళ్తే సరదాగా తిట్టారు. నా జీవితంలో టైముకి వచ్చి చేసిన తప్పు అదొక్కటే, అంత పెద్ద తప్పు మరొకటి చెయ్యలేదు. ఇతరులని మోసం చేసేవాళ్ళు ఎలా ఉంటారోనని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇలాగే ఉంటారు, చేతిలో బూరెల పొట్లంతో.

మర్నాడు మెట్టు మీద ఆ పిల్ల పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ముల్లు నేనే తిప్పమన్నాను. నాలుక్కి రావాల్సినదాన్ని భోజనాల దగ్గర ఉండిపోయాను. తప్పు నాది. ఇంకెప్పుడూ నా ముల్లు ఎవరి చేతా తిప్పించను." ఆ పిల్ల మెట్టు మీది సున్నం గోరుతో గీకుతూ ఉంది. విన్నదో లేదో తెలియలేదు. తర్వాత రెండు నెలలపాటు నేను గేటు దాటిన ప్రతిసారీ ముళ్ళు తిప్పి, పైకి చెప్పి, టైముకి వచ్చాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా తల తిప్పి గోడ వైపు చూడలేదు. బడి సంచీ నా బీరువాలో అలాగే ఉండిపోయింది.

గడువుకి వారం ఉందనగా కమిటీవాళ్ళని ఇంకో రెండు నెలలు అడుగుదామని నేనూ మేడమ్ గారూ అనుకున్నాం. ఆవిడకి జ్వరంగా ఉంటే నేనొక్కదాన్నే బెజవాడ బయల్దేరాను. అయిదింటికి ముళ్ళు పెట్టి, మెట్టు మీదున్న వీపుకి చెప్పి వెళ్ళాను. కమిటీవాళ్ళు ఓపిగ్గా విన్నారు. "మార్పేమైనా ఉందా అండీ?" అని అడిగారు. ఎనిమిదోనెలలో ఉండేదండీ, నేను పోగొట్టానండీ అని చెప్పాను. చూద్దామన్నారు.

బయటికి వచ్చేసరికి కుండపోత వాన. బెంజి సర్కిల్ దగ్గర మోకాలి లోతు నీళ్ళు, ఎక్కడి బస్సులు అక్కడే. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. పక్కసీటావిడ ఫోన్ అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఫోన్ చేస్తే నేనేం చెబుతానో నా మీద నాకే నమ్మకం లేదు. అయిదయింది, అయిదున్నర అయింది. బస్సు కానూరు దాటలేదు. అద్దం మీద కారే నీళ్ళు చూస్తూ, వెళ్ళగానే ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను. ఆలస్యమైంది, తప్పు నాది, తిట్టు. ఆ పిల్ల తిట్టదని నాకు తెలుసు. అదే నా దిగులు.

మా స్టాపులో దిగేసరికి ఆరూ ఇరవై. వాన వెలిసి తుంపర పడుతోంది. సాయిబుగారి కొట్టు ముందు రేకు కింద ఒక పిల్ల నిలబడి దిగేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. ఎవరి పిల్లో పాపం, ఈ వానలో అనుకున్నాను. తర్వాత ఆ గౌను అంచు మీద దృష్టి పడింది. ఆ అంచు కుట్టింది నేనే.

పిల్లకి ఇరవై అడుగుల వెనక, కరెంటు స్తంభం చాటున, వంటావిడ. గొడుగు విప్పితే పిల్ల చూస్తుందని మూసి చంకలో పెట్టుకుని నిలువునా తడుస్తోంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. పిల్ల గేటు తీసుకుని వెళ్తుంటే ఆపడానికి చెయ్యి రాలేదని, అలా వెనకే వచ్చేశానని తర్వాత చెప్పింది. ఆవిడకి నేను జీవితాంతం రుణపడి ఉన్నాను.

ఆ పిల్ల నన్ను చూసింది. పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో నా పొట్ట మీద గుద్దింది.

"అయిదన్నావ్! అయిదు ఎప్పుడో అయిపోయింది! దొంగదానివి నువ్వు! అబద్ధాలకోరుదానివి!"

ఇంకా చాలా అంది. స్టేషన్లో నేర్చుకున్న మాటలు కూడా ఉన్నాయి, అవి రాయలేను. అంత గొంతు ఆ పిల్లకి ఉందని ఏడాదిగా నాకు తెలియదు. సాయిబుగారు కంగారుగా కొట్టులోంచి దిగబోతే వద్దని చెయ్యి ఊపాను. తిడుతుంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

"ఆలస్యమైంది. నీళ్ళలో బస్సు ఆగిపోయింది. ముల్లు ఎవర్నీ తిప్పమనలేదు" అన్నాను, ఆ పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు.

"తెలుసు. అయిదు దగ్గరే ఉంది" అంది. అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూ, "నేను ఆ రోజు లేచాను" అంది.

"ఏ రోజు?"

"స్టేషన్లో. దాహమేసింది. కొళాయి దగ్గరికెళ్ళా. ఒక్కసారే. అంతలో అమ్మ వచ్చి చూసి, నేను లేనని వెళ్ళిపోయింది."

ఏడాదిపాటు ఆ మెట్టు మీంచి ఎందుకు లేవలేదో అప్పుడు తెలిసింది. తల్లి మాట కోసమని నేననుకున్నాను. తన తప్పుకి కాపలా కాస్తోంది ఆ పిల్ల. ఆ తడి రోడ్డు మీదే ఆ పిల్ల ముందు కూర్చున్నాను.

"దాహమేస్తే ఎవరైనా నీళ్ళు తాగాలమ్మా. మీ అమ్మ ఎందుకు రాలేదో నాకు తెలియదు. నువ్వు నీళ్ళు తాగినందుకు మాత్రం కాదు."

"నీకెట్టా తెలుసు?"

దానికి కౌన్సిలరమ్మ అయితే ఏం చెప్పేదో. నాకు తోచింది నేను చెప్పాను. "ఇప్పుడు నువ్వు మెట్టు మీద లేవు కదా. అయినా నేనొచ్చానా లేదా? నువ్వు ఇక్కడ కూడా కనబడకపోతే ఊరంతా వెతికేదాన్ని. వచ్చినవాళ్ళు చోటు ఖాళీగా ఉంటే వెతుకుతారే తల్లీ."

అందులో ఇంకో అర్థం కూడా ఉందని, అది ఆ పిల్లకి తెలుస్తుందని నాకు తెలుసు. తల్లి రానేలేదని. చెప్పకూడదేమో. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని ఆలస్యంగా వస్తున్న బస్సుల వరస చూస్తూ నిలబడింది. తర్వాత కమిటీ ఏం రాసింది, ఏ తరగతిలో చేర్చాం, ఆ సంచీ ఎన్నాళ్ళకి చినిగింది, అవన్నీ ఆ ఇంటి ఫైళ్ళలో ఉన్నాయి. నాకు గుర్తుండేది మాత్రం ఆ రేకు కింద ఆ పిల్ల నిలబడిన తీరు, ఆ తర్వాత అన్న రెండు మాటలు.

"నేను వెళ్ళిపోయాననుకున్నావా?" అని అడిగాను.

కాదన్నట్టు తల ఊపింది. "తప్పిపోయావనుకున్నా" అంది.

పిల్లల ముందు మేం ఏడవకూడదు. వాళ్ళు భయపడతారు. ఇరవై రెండేళ్ళలో ఆ నియమం నేను తప్పింది ఆ ఒక్కరోజే. బందరు రోడ్డు మీద, కూరలవాళ్ళూ బస్సు దిగినవాళ్ళూ చూస్తుండగా, చీరంతా బురదతో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ పిల్ల వంగి నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏడవకు పెద్దమ్మా" అంది. "దారి నాకు తెలుసు."